సార్జెంటు మేజరు, సుబేదారు సాబ్



తిరుత్తణి దాటి పడమటికి పోతే ఆర్కాటు, ఆ తర్వాత వేలూరు. 1806 జూలై 10న, ఇంకా తెల్లవారకముందే, వేలూరు కోటలో మద్రాసు పటాలాల సిపాయిలు తిరగబడ్డారు. ఆ కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఆ కథలో ఒక సార్జెంటు ఉన్నాడు. అతనితో మొదలుపెట్టి మన సుబేదార్ల దాకా వస్తాను. బ్రిటిష్ పదాతి దళంలో పెద్ద సార్జెంటులకు ఉన్న చోటు ఏమిటి, అదే చోట నిలబడిన మన మనిషికి ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నదే ఈ పూట నేను చెప్పదలుచుకున్నది.

ఆ రాత్రి కోటలో 69వ రెజిమెంటుకు చెందిన నాలుగు కంపెనీల తెల్ల సిపాయిలు ఉన్నారు. మిగతా వాళ్ళంతా మద్రాసు నేటివ్ పదాతి దళం వాళ్ళు, సుమారు 1,500 మంది. బారకాసుల్లో నిద్రపోతున్న తెల్లవాళ్ళ మీద తలుపుల్లోంచి, కిటికీల్లోంచి తుపాకులు పేలాయి. కోట కమాండెంటు కర్నల్ ఫాన్‌కోర్ట్ చనిపోయాడు. వందమందికి పైగా తెల్ల సిపాయిలు అక్కడికక్కడే పోయారు. ప్రాణాలతో మిగిలిన కొద్దిమంది ఎలాగో బయటపడి, కోట గోడెక్కి, ద్వారం పైభాగాన్ని పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళతో ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. ఆజ్ఞ ఇవ్వవలసిన ఆఫీసర్లలో చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు గాయపడి ఉన్నారు. చేతిలో తూటాలు అయిపోయాయి. ఆ స్థితిలో వాళ్ళను చెదరకుండా నిలబెట్టినవాడు సార్జెంటు బ్రేడీ.

పొద్దెక్కాక ఆర్కాటు నుంచి కర్నల్ గిలెస్పీ గుర్రాల మీద వచ్చాడు. ఫిరంగులు వెనక వస్తున్నాయి. అతని వెంట ముందుగా చేరినవాళ్ళు ఇరవై మందికి మించరు. గోడ మీది నుంచి బ్రేడీ ఆయన్ను గుర్తుపట్టాడు. వెస్టిండీస్‌లో, సాన్ డొమింగోలో, ఎరిగిన మనిషి. గోడ మీది సిపాయిలు తమ తోలు పటకాలు ముడివేసి తాడులా కిందికి వదిలితే గిలెస్పీ దాన్ని పట్టుకుని పైకెక్కాడు. ఆ తర్వాత బాయొనెట్లతో దూకడం, ఫిరంగులు వచ్చి ద్వారం పగలగొట్టడం, కోట మళ్ళీ కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి రావడం జరిగిపోయాయి. పట్టుబడ్డ సిపాయిలను గోడ వారగా నిలబెట్టి కాల్చేశారు. నా మనసు ఆ గోడ వారన నిలబడ్డ వాళ్ళ వైపే ఉంటుంది, ఆ సంగతి దాచుకోను. అయినా బ్రేడీని వదిలి ముందుకు పోలేను. తలకాయలన్నీ తెగిపోయాక కూడా ఆ పటాలం పటాలంగానే నిలిచింది. ఎందుకు నిలిచింది?

బ్రిటిష్ పదాతి దళంలో పైకి వచ్చే దారులు రెండు. ఒకటి కమిషన్ దారి, అంటే నేరుగా ఆఫీసరు అయ్యేది. ఆ రోజుల్లో కమిషన్‌ను డబ్బు పోసి కొనుక్కునేవాళ్ళు. 1871 దాకా ఆ పద్ధతి నడిచింది. పదహారు, పదిహేడేళ్ళ కుర్రాడు, మీసమైనా మొలవనివాడు, నాన్న ఇచ్చిన డబ్బుతో ఎన్సైన్, అంటే అందరికన్నా చిన్న ఆఫీసరు, అయిపోయేవాడు. రెండోది మామూలు సిపాయిగా చేరి, కార్పొరల్ అయి, సార్జెంటు అయ్యే దారి. ఈ దారిలో డబ్బు పనిచేయదు. ఏళ్ళు గడవాలి, చదవడం రాయడం రావాలి, చేతి కింద వాళ్ళు చెప్పిన మాట వినాలి. కుర్రాడి చేతిలో కత్తి ఉంటుంది, సార్జెంటు చేతిలో పటాలం ఉంటుంది. ఎన్సైన్ మారిపోతాడు, కెప్టెన్ డబ్బు కట్టి వేరే రెజిమెంటుకు పోతాడు, సార్జెంటు మాత్రం పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు అక్కడే ఉంటాడు. ఎవడు భయస్తుడో, ఎవడు తాగుబోతో, ఎవడికి ఇంటి దగ్గర తల్లి చనిపోయిందో అతనికి తెలుసు.

అందుకే ఈ పదవికి గుర్తులు ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి. చేతి మీద మూడు పట్టీలు 1802లో వచ్చాయి. సిపాయిలందరికీ తుపాకీ ఉంటే సార్జెంటుకు 1830 దాకా పొడవాటి బల్లెం ఉండేది. దానితో బారు సరిచేసేవాడు, అవసరమైతే వెనక్కి జారేవాణ్ణి ముందుకు నెట్టేవాడు. నడుముకు ఎర్ర పట్టీ కట్టేవాడు. 1813లో, నెపోలియన్‌తో యుద్ధం సాగుతుండగా, కలర్ సార్జెంటు అనే కొత్త మెట్టు పెట్టారు. కంపెనీకి ఒకడు. మంచి సార్జెంటుకు సర్కారు ఇచ్చిన మర్యాద అది. 1881లో రెజిమెంటు సార్జెంటు మేజరుకు వారంట్ ఇచ్చారు. ఇటు మామూలు సిపాయీ కాదు, అటు కమిషన్ పొందిన ఆఫీసరూ కాదు, మధ్యలో ప్రత్యేకమైన చోటు. 1915లో ఆ వారంట్‌ను రెండు తరగతులు చేశారు. ఆ వరస నేటికీ అలాగే ఉంది.

ఈనాటి బ్రిటిష్ బెటాలియన్‌లో ఆ వరస ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. ప్లటూన్ అంటే ముప్పై మంది. దాని పెద్ద ఒక లెఫ్టినెంటు. అకాడమీ నుంచి నిన్న గాక మొన్న వచ్చిన ఇరవై మూడేళ్ళ కుర్రాడు. అతని పక్కన ప్లటూన్ సార్జెంటు. పదేళ్ళ సర్వీసు ఉన్నవాడు. కంపెనీకి ఒక కలర్ సార్జెంటు. తిండి, బట్ట, సామాను అతని పూచీ. కంపెనీకే ఒక సార్జెంటు మేజరు కూడా ఉంటాడు. శాంతి కాలంలో క్రమశిక్షణ, యుద్ధంలో తూటాలు ముందుకు అందించడం, గాయపడ్డవాళ్ళను వెనక్కి చేర్చడం అతని పని. వీళ్ళందరి మీద, మొత్తం బెటాలియన్‌కు ఒక్కడు, రెజిమెంటు సార్జెంటు మేజరు. కింది వాళ్ళు అతన్ని సర్ అంటారు కానీ సెల్యూట్ చేయరు. సెల్యూట్ కమిషన్‌కు మాత్రమే. ఆఫీసర్లు అతన్ని పేరు ముందు మిస్టర్ చేర్చి పిలుస్తారు. సార్జెంటుల మెస్ వాళ్ళ సొంత ఇల్లు. కమాండింగ్ ఆఫీసరైనా అక్కడికి పిలిస్తే అతిథిగా వెళతాడు.

ఆ లెఫ్టినెంటు మొదటి వారంలో తప్పుడు ఆజ్ఞ ఒకటి ఇచ్చాడనుకోండి. సార్జెంటు అందరి ముందూ ఎదురు చెప్పడు. సరే సర్ అంటాడు. నలుగురూ పక్కకు తప్పుకున్నాక మెల్లగా దగ్గరికి వస్తాడు. ఇలా చేస్తే పిల్లలు రాత్రంతా తడిసిపోతారు సర్, ఆ గట్టు ఇవతల దిగితే నయం అంటాడు. కుర్రాడు తెలివైనవాడైతే వింటాడు. మరుసటి పొద్దున మారిన ఆజ్ఞ లెఫ్టినెంటు నోటి నుంచే వస్తుంది, సార్జెంటు దాన్ని అప్పుడే విన్నట్టు నిలబడి వింటాడు. కుర్రాడి పరువు నిలబెడుతూ కుర్రాడికి పని నేర్పడం, కింది ముప్పై మంది మాట పైకి చేరవేయడం, పైవాడి మాట కిందివాళ్ళకు రుచించేలా చెప్పడం, ఇవన్నీ ఒక్క మనిషే చేయాలి. అలా చేయగలిగినవాడే మంచి సార్జెంటు. శాండ్‌హర్స్ట్ అకాడమీలో కాబోయే ఆఫీసర్లకు కవాతు నేర్పేది కలర్ సార్జెంటులే.

ఈ పదవి బరువు తెలియాలంటే 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర జరిగింది చూస్తే చాలు. నూట యాభై చిల్లర మంది బ్రిటిష్ సిపాయిలు వేలమంది జూలూ యోధులను రాత్రంతా ఎదుర్కొన్నారు. అక్కడి కంపెనీకి కలర్ సార్జెంటు ఫ్రాంక్ బోర్న్. అతనికి అప్పటికి 24 ఏళ్ళు. తర్వాత కమిషన్ ఇచ్చారు. అంటే సిపాయిగా చేరినవాడు ఆఫీసరయ్యాడు. ఆ తలుపు ఇరుకైనదే, అయినా తెరిచి ఉంది. ఆనాడు మనవాళ్ళకు ఆ తలుపు లేదు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మద్రాసు సైన్యంలో ముసల్మానులు, తెలుగువాళ్ళు, తమిళులు కలిసి ఉండేవాళ్ళు. 1756లో క్లైవ్ బెంగాలుకు తీసుకుపోయింది ఈ మద్రాసు సిపాయిలనే. అందువల్లనే ఉత్తరాదిన చాలా కాలం ఏ కులం, ఏ ఊరు సిపాయినైనా తెలంగా అని పిలిచారు. కంపెనీకి ఒక సుబేదారు, అతని కింద జమేదారు, వాళ్ళ కింద హవల్దార్లు, నాయక్‌లు. హవల్దారు అంటే సార్జెంటుతో సమానం. సుబేదారు అంతకన్నా పైన. వీళ్ళంతా సిపాయిగా చేరి మెట్టు మెట్టు ఎక్కినవాళ్ళే.

మొదట్లో వీళ్ళకు నిజమైన అధికారం ఉండేది. 1758 చివర ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించిన కాలంలోనే ఇక్కడి సిపాయిలను బెటాలియన్లుగా కూర్చారు. తెల్ల ఆఫీసర్లు అప్పుడు చాలా కొద్దిమంది. దేశీ కమాండెంటు అనే పదవే ఉండేది. మహమ్మద్ యూసఫ్ ఖాన్ పేరు మీరు వినే ఉంటారు. తమిళనాట మరుదనాయగం అంటారు. సుబేదారుగా కుంఫిణీ కొలువులో చేరి, సిపాయిలందరి మీద కమాండెంటు అయ్యాడు. మదురై, తిరునెల్వేలి సీమలను ఏలాడు. చివరకు ఆర్కాటు నవాబుతో, కుంఫిణీతో పడక ఎదురు తిరిగితే 1764 అక్టోబరులో మదురైలో ఉరి తీశారు. అతని తర్వాత కుంఫిణీ దొరలకు ఒక భయం పట్టుకుంది. దేశీ సైనికుడు ఎంత ఎత్తుకు ఎదగవచ్చో చూశారు కదా. ఆ మెట్టు కాలక్రమేణా ఎత్తివేశారు.

మా ఎలవూరు ప్రాంతానికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. 1780 జూలైలో హైదరలీ ఆర్కాటు సీమ మీద విరుచుకుపడ్డాడు. గుంటూరు వైపు నుంచి కర్నల్ బెయిలీ రెండున్నర వేలకు పైగా సేనతో దక్షిణానికి దిగి గుమ్మిడిపూండి చేరాడు. ఎలవూరు నుంచి చెన్నై వైపు రైలెక్కితే తర్వాతి స్టేషనే అది. ఆ సేనలో తెల్లవాళ్ళు రెండు వందల చిల్లర, మిగతా అంతా సిపాయిలు. ఆగస్టు 25న కొసస్థలై ఏటి ఒడ్డున దిగారు. మన నగరి వైపు కుశస్థలి అంటామే, ఆ ఏరే. ఆ సాయంత్రం ఏరు ఎండిపోయి ఉంది. బెయిలీ అవతలి ఒడ్డుకు దాటకుండా ఇవతలే గుడారాలు వేయించాడు. రాత్రికి రాత్రి వరద వచ్చింది. వారం రోజులకు పైగా దాటలేకపోయారు. ఆ వారమే వాళ్ళ కొంప ముంచింది. సెప్టెంబరు 6న తిరువళ్ళూరు దగ్గరి పేరంబాక్కం వద్ద టిప్పు అడ్డుపడ్డాడు. 10న కంచికి దగ్గర్లోని పొల్లిలూరులో సేన మొత్తం నాశనమైంది. కంచిలో ఉన్న కుంఫిణీ సేనాపతి హెక్టర్ మన్రో సకాలానికి రాలేదు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధం బొమ్మ నేటికీ ఉంది.

ఏటి ఒడ్డున గుడారం వేయించిన ఆ సాయంత్రం నాకు పదే పదే గుర్తుకొస్తుంది. మా ప్రాంతంలో ఏ రైతునడిగినా చెబుతాడు, పడమటి కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా ఏరు వస్తుందని. ఆ పటాలంలో ఈ నేల ఎరిగిన సుబేదార్లు, హవల్దార్లు ఉండి ఉంటారు. ఎవరైనా చెప్పారా, చెబితే విన్నారా అన్నది ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. కానీ ముందు చెప్పిన ప్లటూన్ సార్జెంటులాగా పక్కకు వచ్చి మెల్లగా మాట చెప్పే చనువు సుబేదారుకు ఆనాడు ఉందా అన్నది అడగవలసిన ప్రశ్నే.

పొల్లిలూరు దెబ్బ తగిలాక మద్రాసుకు మనుషులు కావలసి వచ్చారు. విశాఖపట్నంలోని సిపాయిలను ఓడెక్కి రమ్మన్నారు. ఓడెక్కడం తమ షరతుల్లో లేదని వాళ్ళు తిరగబడ్డారు. 1780 అక్టోబరులో జరిగింది ఇది, వేలూరుకు పాతికేళ్ళ ముందు, మన తెలుగు తీరంలో. దానికి నాయకుడు ఒక సుబేదారు. కొందరు తెల్ల ఆఫీసర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సిపాయిలు ఎవరి మాట వింటారో ఆ రోజు తేలిపోయింది. మధ్యలో ఉన్న మనిషి ఎటు మొగ్గితే పటాలం అటు మొగ్గుతుంది.

ఇది చూసి కుంఫిణీ ఏం చేసి ఉండాలి? ఆ మనిషిని దగ్గరికి తీసి ఉండాలి. చేసింది వేరు. 1796లో సైన్యాన్ని కొత్తగా సర్దినప్పుడు ప్రతి బెటాలియన్‌లోనూ తెల్ల ఆఫీసర్ల సంఖ్య బాగా పెంచారు. ముందు సుబేదారు చేసే పనులు ఇరవయ్యేళ్ళు నిండని తెల్ల కుర్రాళ్ళ చేతికి పోయాయి. దానికి తోడు దేశీ పటాలంలో తెల్ల సార్జెంటు మేజరు ఒకడు, తెల్ల క్వార్టర్ మాస్టర్ సార్జెంటు ఒకడు ఉండేవాళ్ళు. ముప్పయ్యేళ్ళ సర్వీసు, ఒంటి నిండా గాయాలున్న సుబేదారుకు ఆ తెల్ల సార్జెంటు మీద ఏ అధికారమూ లేదు. కాగితం మీద అతను ఆఫీసరు, పరేడు మైదానంలో ఒక తెల్ల కార్పొరల్‌కు కూడా ఆజ్ఞ ఇవ్వలేనివాడు.

ఇప్పుడు వేలూరుకు తిరిగి వద్దాం. 1805 నవంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. పరేడులో నుదుట బొట్టు, నామం ఉండకూడదు. చెవులకు పోగులు ఉండకూడదు. గడ్డం తీసేయాలి, మీసం ఒకే తీరుగా కత్తిరించుకోవాలి. ఆపైన తోలు తురాయితో తెల్లవాళ్ళ టోపీలా కనిపించే కొత్త తలపాగా. 1806 మేలో వేలూరులోనే 4వ రెజిమెంటు రెండో బెటాలియన్ వాళ్ళు దాన్ని పెట్టుకోబోమన్నారు. ఒక హిందువుకు, ఒక ముసల్మానుకు తొమ్మిదేసి వందల కొరడా దెబ్బల శిక్ష పడింది. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి కర్నల్ ఫోర్బ్స్ దగ్గరికి వెళ్ళి, తిరుగుబాటు రాబోతోందని చెప్పాడు. కర్నల్ ఆ సంగతిని దేశీ ఆఫీసర్లకు అప్పగించాడు. సుబేదార్లు, జమేదార్లు కూర్చుని విచారించి, ఇతనికి పిచ్చి అని తేల్చారు. ముస్తఫాను ఖైదులో పెట్టారు. మూడు వారాల తర్వాత కోట భగ్గుమంది.

ఆ సుబేదార్లలో కొందరు కుట్రలో ఉన్నవాళ్ళే. కుట్రలో లేనివాళ్ళు కూడా పైకి నిజం చెప్పలేదు. నిజం చెబితే వినే చెవి ఒకటుంటుందన్న నమ్మకం వాళ్ళకు పోయింది. తలపాగా గురించి అడిగినప్పుడు అభ్యంతరం లేదన్నవాళ్ళున్నారు. అది భయంతో చెప్పిన మాట. అదే కోటలో బ్రేడీ ఉన్నాడు, సుబేదార్లూ ఉన్నారు. పని ఒకటే, సిపాయిగా చేరి ఎదిగిన దారి ఒకటే. బ్రేడీ వెనక ఒక వ్యవస్థ ఉంది, అతని మాటకు విలువ ఉంది. మన సుబేదారు వెనక ఏమీ లేదు. ఒక పటాలం గోడ మీద నిలిచింది, ఇంకో పటాలం ఏలినవాళ్ళ మీదికే తుపాకీ తిప్పింది. సిపాయిలకు చేసిన అవమానానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఆ అవమానం పైదాకా చేరకపోవడానికి కారణం మాత్రం ఇదే. మరుసటి ఏడాది గవర్నరు బెంటింక్‌ను, సేనాధిపతి క్రాడక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. తిరగబడ్డ రెజిమెంట్ల నంబర్లను జాబితా నుంచి తుడిచేశారు. తలపాగా ఉత్తర్వు రద్దయింది. సుబేదారు చోటు మాత్రం మారలేదు.

దీన్ని చూడగలిగిన తెల్లవాడు ఒకడున్నాడు. మన రాయలసీమకు బాగా తెలిసిన థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన్రో. 1817లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు రాసిన లేఖలో, దేశీ సైనికుడు సుబేదారు దాటి ఆశించడానికి ఏమీ లేదనీ, ఆ సుబేదారు కూడా అందరికన్నా చిన్న తెల్ల ఆఫీసరుకు ఎంతో దిగువన ఉన్నాడనీ బాధపడ్డాడు. ఒక జాతిలో ఎదగాలన్న ఆశనే చంపేస్తే ఆ జాతి శీలమే చెడిపోతుందన్నది ఆయన ఆవేదన. 1837లో దేశీ ఆఫీసర్లకు బిరుదులు, పతకాలు పెట్టారు, ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా అలా వచ్చిందే. పతకం ఛాతీ మీదికి వచ్చింది, అధికారం చేతికి రాలేదు.

ఈ తేడా పింఛను రోజుల్లోనూ కనిపిస్తుంది. తిరువళ్ళూరుకు ఆనుకుని తిరుప్పాచూరు ఉంది. అక్కడి కోటను 1781 ఆగస్టులో కుంఫిణీ సేనాని ఐర్ కూట్ హైదర్ మనుషుల నుంచి పట్టుకున్నాడు. తర్వాత అక్కడే కుంఫిణీ కొత్తగా వచ్చిన తెల్ల కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చింది. ఇంకా తర్వాత సర్వీసు ముగిసిన తెల్ల సిపాయిలు పింఛను మీద బతికే ఊరుగా మారింది. ఆఫీసరు కాబోయే కుర్రాడు, సిపాయిగా ముసలివాడైనవాడు ఇద్దరూ ఒకే ఊరి నీళ్ళు తాగారు. మన సుబేదార్లకు అలాంటి ఊరు కట్టలేదు. పింఛను ఉండేది. వాళ్ళు తమ పల్లెలకు పోయారు, లేదా పటాలం వెంటే ఉండిపోయారు. మద్రాసు సైన్యంలో ఒక విశేషం ఉంది. సిపాయి కుటుంబం అతని వెంటే కంటోన్మెంటు నుంచి కంటోన్మెంటుకు నడిచేది. కొడుకులను చిన్నప్పుడే రిక్రూట్ బాయ్‌లుగా పటాలం పుస్తకంలో ఎక్కించుకునేవాళ్ళు. అలా తాత, తండ్రి, కొడుకు ఒకే పటాలంలో పనిచేసిన ఇళ్ళున్నాయి. సుబేదారు అంటే ఆ సిపాయి ఇళ్ళ లైన్లన్నిటికీ ఇంటిపెద్ద. పెళ్ళికి అప్పు కావాలన్నా, ఇద్దరి మధ్య తగువు తీర్చాలన్నా అతని గడప ఎక్కేవాళ్ళు. పటాలంలో తెల్ల కుర్రాడి కింద నిలబడే మనిషికి ఇక్కడ ఎదురు మాట లేదు.

పందొమ్మిదో శతాబ్దం చివర ఆ లైన్లే ఖాళీ అయ్యాయి. మద్రాసుకు సేనాధిపతిగా పనిచేసి, తర్వాత దేశమంతటికీ సేనాధిపతి అయిన లార్డ్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. కొన్ని జాతులే వీరజాతులన్న సిద్ధాంతం అది. తెలుగువాళ్ళను పదాతి దళంలో చేర్చుకోవడం ఆగిపోయింది. పాత మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, 1920ల చివరికి చాలావరకు మాయమయ్యాయి. సాపర్లు అనే ఇంజనీరు దళం వాళ్ళు మాత్రం మిగిలారు. తరతరాల సుబేదార్ల అనుభవం అలా గాలికి పోయింది. ఇది అన్యాయం, ఇంకో మాట వాడలేను. అంతకుముందు బర్మాలో, చైనాలో వీళ్ళనే ముందు పెట్టి యుద్ధాలు గెలిచినవాళ్ళు చెప్పవలసిన మాట కాదు అది.

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మిన్యానో దగ్గర, మద్రాసు సాపర్ల సుబేదారు సుబ్రమణియన్ తన మనుషులతో మందుపాతరలు తీస్తున్నాడు. ఈయనది కంచి దగ్గరి పల్లె. ఒక సిపాయి కాలు మందుపాతర మీద పడింది. అది పేలడానికి కొద్ది క్షణాలే వ్యవధి ఉంటుందని సుబేదారుకు తెలుసు. దాని మీద పడుకున్నాడు. వెంట ఉన్నవాళ్ళు బతికారు. జార్జ్ క్రాస్ ఇచ్చారు. యుద్ధానికి పనికిరారన్న మాటకు ఇంతకన్నా జవాబేముంది!

స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం ఈ పదవిని పారేయలేదు. నాయిబ్ సుబేదారు, సుబేదారు, సుబేదారు మేజరు, ఈ మూడింటినీ జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు అంటారు. బ్రిటిష్ సార్జెంటు మేజరుకు వారంట్ ఉంటే మన సుబేదారు మేజరుకు కమిషనే ఉంటుంది. కంపెనీలో హవల్దారు మేజరు, క్వార్టర్ మాస్టర్ హవల్దారు ఆ బ్రిటిష్ వరసకు జోడీగా నడుస్తున్నారు. బెటాలియన్‌లో సుబేదారు మేజరు కమాండింగ్ ఆఫీసరుకు సలహాదారు. లెఫ్టినెంటైనా, కర్నలైనా ఆయన్ను సాబ్ అని పిలవాల్సిందే. డెహ్రాడూన్ అకాడమీలో కాబోయే ఆఫీసర్లకు కవాతు నేర్పే హవల్దార్లను, సుబేదార్లను ఉస్తాద్ అంటారు. పదవి విరమించే ముందు మెరుగైనవాళ్ళకు గౌరవ లెఫ్టినెంటు, గౌరవ కెప్టెన్ హోదా ఇస్తారు. అంతకన్నా ముఖ్యం, సిపాయిగా చేరినవాడు పరీక్ష రాసి పూర్తి కమిషన్ పొందే దారి ఈరోజు తెరిచి ఉంది. 1817లో మన్రో లేదని బాధపడిన తలుపు అదే.

నీలగిరిలోని వెల్లింగ్టన్ మద్రాసు రెజిమెంటు కేంద్రం. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు అక్కడ ఒకే బారులో నిలబడతారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మా తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగు ఇళ్ళలో కూడా సాపర్లలోనో, మద్రాసు రెజిమెంటులోనో పనిచేసి సుబేదారుగానో, హవల్దారుగానో వచ్చినవాళ్ళున్నారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ మార్పుకు ముందు చేరినవాళ్ళ కాగితాల్లో జిల్లా చిత్తూరు అనీ, తర్వాత చేరినవాళ్ళ కాగితాల్లో చెంగల్పట్టు అనీ ఉంటుంది. ఒకే వీధివాళ్ళు, రెండు రాష్ట్రాల లెక్కలో పడ్డారు. అందుకే ఆంధ్రలో రాసే పుస్తకాల్లోకి వీళ్ళు రావడం లేదు, తమిళంలో రాసేవాటిలోనూ రావడం లేదు.

కాబట్టి నాకు మీతో ఒక పని ఉంది. మీ ఇంట్లో పాత పెట్టెలో ముత్తాత పతకం ఏదైనా ఉంటే తీసి, దాని అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, పదవి, పటాలం పేరు చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో మన దేశంలో ఇచ్చిన పతకాల మీద కూడా పేర్లు చెక్కారు. బాగా అరిగిపోయి ఉంటే భూతద్దం పెట్టండి, పాలిష్ మాత్రం పెట్టకండి, అక్షరాలు పోతాయి. డిశ్చార్జి పుస్తకం ఉంటే అందులో ఏ ఏడు నాయక్ అయ్యాడో, ఏ ఏడు హవల్దారు అయ్యాడో తేదీలతో సహా ఉంటుంది. ఆ కాగితాలకు ఫోటో తీసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఆయన్ను పటాలంలో ఏమని పిలిచేవాళ్ళో, ఏ ఊళ్ళలో ఉన్నారో అడిగి రాసుకోండి. ఎలవూరు, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి, పళ్ళిపట్టు, తిరుత్తణి, ఈ చుట్టుపక్కల సుబేదార్ల పేర్లు ఒక్క చోటికి చేరిస్తే మన ప్రాంతపు చరిత్రలో ఖాళీగా ఉన్న ఒక అధ్యాయం రాయవచ్చు. ఆ పని ఈ ఏడే మొదలుపెడదాం.